అష్టమి రక్తం

మాఘ బహుళ అష్టమి

ఈ రోజు రక్తం ఇచ్చాను. ఒక సంచి.

అష్టమికి సముద్రం పోటు తగ్గుతుంది. గట్టు మీద రాళ్ళు మోసే పని ఉండదు. అందుకని ఊళ్ళో మగవాళ్ళందరం ఆసుపత్రి వరండాలో చొక్కాలు విప్పి బల్లల మీద కూర్చుంటాం. అందరూ డెబ్బై, ఎనభై ఏళ్ళ వాళ్ళే. ఒక్కరికీ పొట్ట లేదు. వెనక నుంచి చూస్తే నలభై ఏళ్ళ వాళ్ళనుకోవాలి. భుజంలో గింజ నాటించుకున్నవాడి ఒంట్లో బలం ఊరినట్టే రక్తమూ ఊరుతూ ఉంటుంది. నెలకోసారి తోడెయ్యకపోతే చిక్కబడుతుంది.

నర్సు మంగవేణి సూది పెడుతూ అందరినీ అడిగే మాటే నన్నూ అడిగింది.

"ఎవరి పేరు మీద, సింహాద్రి గారూ?"

"ఎవరికి కావాలంటే వాళ్ళకి."

"అలా రాయకూడదండి. పేరుండాలి."

ఇక్కడ ప్రతి సంచి మీదా ఒక ఆడమనిషి పేరు రాస్తారు. గింజ ఆడవాళ్ళ ఒంట్లో మొలవదు. వాళ్ళు మామూలుగానే ముసలివాళ్ళవుతారు. ఈ గట్టు మీద అరవై దాటిన ఆడవాళ్ళకి పాలిపోయే జబ్బు వస్తుంది. మా రక్తమే వాళ్ళకి మందు. గ్రూపు కలిస్తే ఇంట్లో మనిషికి, కలవకపోతే పక్కింటి మనిషికి.

మా వెనకింటి తిరుపతమ్మ పేరు చెప్పాను. ఆరేళ్ళుగా ఆవిడకే ఇస్తున్నాను. నా రక్తం నా భార్యకి సరిపోలేదు. గౌరికి ఆ ఆరేళ్ళూ రక్తం ఇచ్చింది ఆమె తమ్ముడు అప్పలకొండ.

గౌరి పోయి ఎనిమిది నెలలు దాటింది. అప్పటి నుంచి అప్పలకొండ అష్టమికి రావడం లేదు. ఈ రోజూ రాలేదు.


మాఘ బహుళ దశమి

పొట్లాలు పంచే రోజు. జింకు, మెగ్నీషియం, డి విటమిను, చేపనూనె, మాంసకృత్తుల పొడి. గింజ ఒక్కటే ఒంటిని నిలబెట్టదు, దానికి మేత కావాలి. పొట్లం తీసుకోవాలంటే వేలి చివర నుంచి ఒక బొట్టు రక్తం ఇవ్వాలి. సన్నటి గాజు గొట్టంలోకి ఎక్కించి యంత్రంలో తిప్పి, ఎర్రటి భాగం నూటికి ఎంతుందో చూడటం నా పని. ఉప్పునీటిని మంచినీరు చేసే కేంద్రంలో నేను కెమిస్టుని. ఊళ్ళో అంత పెద్ద యంత్రం మాకొక్కరికే ఉంది.

అప్పలకొండ వేలు చాపాడు.

"ఇది నెక్కలోకి రాదు బావా. సీమ కుట్టినంత."

గొట్టం తిప్పాను.

"ఎంతొచ్చింది? పాసేనా?"

"యాభై ఆరు. నలభై ఐదు ఉండాలి. యాభై నాలుగు దాటితే ప్రమాదం. ఎందుకు రావడం లేదురా అష్టమికి?"

"ఎవులికియ్యమంటావు?"

"తీసుకునేవాళ్ళు ఊరినిండా ఉన్నారు."

"ఉంటారు. నా రగతం మా అప్పది." అక్కని వాడు అప్ప అనే పిలిచేవాడు. "ఏడు తిరిగేదాకా ఇంకో ఆడమనిసి పేరు రాయించను. నాకు ఏటిసూతకం."

"ఏటిసూతకం కొడుకులకిరా. తమ్ముళ్ళకి కాదు."

"దానికి కొడుకున్నాడేటి?"

మాకు పిల్లలు లేరు. వరసలో వెనకున్నవాళ్ళు ఎటో చూశారు. అప్పలకొండ పొట్లం చంకలో పెట్టుకుని, "రాత్రికి కూరొండుతాను, అన్నం నువ్వొండుకో," అని వెళ్ళిపోయాడు.

వాడికి అరవై ఎనిమిది. పెళ్ళి చేసుకోలేదు. మా ఇంటి గోడ అవతల వాడి ఇల్లు.


ఫాల్గుణ బహుళ అష్టమి

ఇచ్చాను. తిరుపతమ్మ పేరు మీద.

వాడు రాలేదు. వరండాలో కూర్చున్న వాళ్ళలో ఎవరూ వాడిని తప్పుపట్టలేదు. అక్క కోసం చేస్తున్నాడు, మగాడంటే వాడు అన్నారు. "రగతం సిక్కబడితే మంచిదే గదా, సారం నిలుత్తాది," అని ఒకాయన. ఆయన వయసు ఎనభై ఒకటి. అప్పుడే సంచి నిండా ఇచ్చి అరచేతిలో బెల్లం ముక్క పెట్టుకుని తింటున్నాడు. మీరెందుకు ఇస్తున్నారు మరి అని అడిగాను. నవ్వాడు.

"మా ఆడది బతికుంది గదండీ."


ఫాల్గుణ అమావాస్య

పెద్ద పోటు. ఉదయం నుంచి అందరం గట్టు మీదే. నీళ్ళు గట్టుకి మూరెడు కిందదాకా వచ్చాయి. నేనూ కేంద్రం మూసి బయటికి వచ్చి రాళ్ళు అందించాను. గట్టు అవతల సముద్రం. ఇవతల, దానికంటే పల్లంలో, మా ఇళ్ళు.

ఇద్దరు మోసే రాయిని అప్పలకొండ ఒక్కడే ఎత్తి పెట్టాడు. కేకలు వేశారు.

"ఒరే అప్పలకొండా! నీకు రెండు గింజలున్నాయేట్రా?"

"రెండోది నీదే మావా. నువ్వు పారేసుకుంటే ఏరుకున్నాను!"

నవ్వులు. వాడూ నవ్వాడు. వాడి ముఖం చూశాను. కాల్చిన ఇటుక రంగు. కళ్ళల్లో ఎర్రటి జీరలు. మధ్యాహ్నం స్నానం చేసి వచ్చి గోడకి వీపు రుద్దుకున్నాడు.

"నీల్లు పడితే సాలు, ఒళ్ళంతా దురద బావా. సబ్బు మార్సాల."

సబ్బు వల్ల కాదు. రక్తం చిక్కబడితే అలా అవుతుంది. చెప్పాను.

"నీకన్నీ రగతంలోనే కనపడతాయి," అన్నాడు.

తలనొప్పి కూడా ఉందట. అది నేను అడిగాక చెప్పాడు. చెవుల్లో పోటు హోరు వినిపిస్తోందట. అప్పటికి పోటు తగ్గి చాలాసేపయింది.

రేపు ఉగాది. మా రెండిళ్ళలోనూ లేదు.


చైత్ర శుద్ధ షష్ఠి

డాక్టర్ ఉమాపతిని కలిశాను. గట్టు మొత్తానికి ఆయనొక్కడే. మొన్న వేలి బొట్టులో అరవై వచ్చిందని చెప్పాను.

"గింజ ఆపే మందేమైనా ఉందా?"

"మొలిచాక ఆగదు. కోసి తీసెయ్యాలి."

"తీసెయ్యండి."

"తియ్యొచ్చు. ముప్ఫై ఏళ్ళు దాని మీద బతికిన ఒళ్ళు సొంతంగా ఏమీ చేసుకోదు. ఎర్రునాయుడికి తీశాం. చూశారుగా."

చూశాను. గట్టు మీద అందరికంటే పొడుగరి. ఆరు నెలల్లో ముడుచుకుపోయాడు. ఎముకలు పెళుసుబారి మంచం దిగుతూ తొడ విరగ్గొట్టుకున్నాడు. వానాకాలం చూడలేదు.

"అప్పలకొండ ఒప్పుకోడు," అన్నాను.

"నేనూ చెయ్యను. ఒక సంచి రక్తం తీస్తే పోయేదానికి కత్తి ఎందుకు?"

"తీయనివ్వడం లేదు."

"స్పృహలో ఉన్న మనిషి వద్దంటే వద్దు. నేను పట్టుకుని పొడవలేను, సింహాద్రి గారూ. మీరు బావగారు. మీరు చెబితే వినడా?"

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు.

రక్తం గడ్డకట్టకుండా ఉండే మాత్రలు ఇచ్చాడు. వాడి పొట్లంలో కలిపాను. నీళ్ళు బాగా తాగించమన్నాడు. ఒక బిందె తీసుకెళ్ళి వాడి గుమ్మంలో పెట్టాను. తాగుతానన్నాడు. తాగుతున్నాడు కూడా. ఆ ఒక్కటి తప్ప ఏం చెప్పినా వింటాడు.

గట్టు మేస్త్రీకి కూడా చెప్పాను. వాడిని బరువు పని నుంచి తప్పించమన్నాను. "వాడు ఒకడు నలుగురి పెట్టు. వాడిని కూచోబెడితే గట్టుని ఎవరు కూచోబెడతారు?" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. గడిచిన ఏడాదిలో రెండు పెద్ద పోట్లు గట్టు దాటి వచ్చాయి.


చైత్ర బహుళ అష్టమి

ఉదయం వాడింటికి వెళ్ళాను. చేప వేయిస్తున్నాడు. రాత్రంతా ఆలోచించి ఒక మాట అనుకుని వెళ్ళాను.

"అక్క పేరు మీదే తీయించు," అన్నాను.

గరిటె ఆపాడు.

"మంగవేణితో మాట్లాడాను. సంచి మన చేతికి ఇస్తుంది. గట్టు చివర, అస్థికలు కలిపిన చోటే కలిపేద్దాం. దానిదే దానికి ఇచ్చినట్టవుతుంది. నీ మాటా పోదు."

చేప ఒక వైపు మాడింది.

"ఎదురింటి ముసిల్ది ఒక్క సంచి కోసం నోరు తెరుసుకుని పడుంటే, నాను సేపలకి పొయ్యాల? మా అప్ప ఊరుకుంతాదేటి?"

"అయితే ఆ ఎదురింటావిడకే ఇవ్వు."

"ఏడు తిరగనీ. ఇత్తాను. ఎంతుంది? నెల్నాళ్ళు దాటి పదిరోజులు. అంతదాకా ఆగలేనేటి?"

"నువ్వు ఆగగలవు. నీ రక్తం ఆగదు. పక్షవాతం వస్తుందిరా."

"వత్తే రానీ."

"అక్కడ అందరూ నిన్ను మెచ్చుకుంటున్నారు. అది నీకు నచ్చుతోంది. అంతే కదా?"

అనకుండా ఉండాల్సింది. వాడు పొయ్యి ఆర్పి నా వైపు తిరిగాడు. కోపం లేదు. నెమ్మదిగానే అన్నాడు.

"బావా, అది పోయిన నెల్లోనే నువ్వెల్లి అష్టమి ఇచ్చీసావు. తిరుపతమ్మ పేరు మీద. బల్ల మీద కూకుని బెల్లం ముక్క తిన్నావు. సూసాను. నానేటన్నా అన్నానా?"

"లేదు."

"మరి?"

ఇవ్వకపోతే ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి ఇచ్చాను. అది జవాబు కాదని అప్పుడే తెలిసింది.

మాడని వైపు చేప నా పళ్ళెంలో వేశాడు.

"తిను. పొట్లాలతో కడుపు నిండదు."

తిన్నాను. తిన్నాక ఆసుపత్రికి వెళ్ళి నా సంచి ఇచ్చాను.


చైత్ర అమావాస్య

పోటు బాగా ఎండెక్కాక వచ్చింది. రాళ్ళు కట్టిన మోకు లాగుతున్నాం. నా ముందు వాడు. వాడి కుడిచేతిలోంచి మోకు జారింది. వాడు ఆగి ఆ చేతిని చూసుకున్నాడు. ఎవరిదో చేయి అన్నట్టు చూశాడు. "ఓరి," అన్నాడు. తర్వాత కుడివైపుకి ఒరిగాడు.

డెబ్బై దాటిన ఆరుగురం వాడిని తలుపు చెక్క మీద వేసుకుని ఆసుపత్రి దాకా పరిగెత్తాం. ఎక్కడా ఆగలేదు. ఒక్కరికీ ఆయాసం రాలేదు.

ఉమాపతి వాడి కళ్ళు తెరిచి చూశాడు. వేలు గుచ్చి బొట్టు నాకే ఇచ్చాడు. వాళ్ళ చిన్న యంత్రంలో తిప్పాను. అరవై మూడు.

"ఇప్పుడు స్పృహ లేదు," అన్నాడు. "ఇప్పుడు మీరు చెబితే చాలు."

"తీయండి."

రక్తం నల్లగా, నెమ్మదిగా వచ్చింది. సంచి నిండటానికి మామూలు కంటే చాలాసేపు పట్టింది. మంగవేణి ఎవరి పేరని అడగలేదు. ఏమీ రాయకుండానే లోపలికి తీసుకెళ్ళింది.


వైశాఖ శుద్ధ సప్తమి

కుడివైపు లేదు. కాలు, చేయి, మూతి.

మిగతా అంతా ఉంది. ఉమాపతి ఈలోపు ఇంకోసారి రక్తం తీశాడు. ఒళ్ళు చక్కగా కోలుకుంటోంది అన్నాడు. నిజమే. మంచంలో పడి ఉన్నా భుజాలు తగ్గలేదు. గడ్డం రోజూ దట్టంగా పెరుగుతుంది. రోజూ ఉదయం నేనే గీస్తున్నాను. కుడి దవడ మీద కత్తి ఆడుతుంటే వాడికి తెలియదు. ఎడమ దవడకి వచ్చేసరికి మూతి బిగిస్తాడు.

గింజ ఉన్నది కుడి భుజంలోనే. ఆ వైపు పడిపోయిందని దానికి తెలియదు.

పొట్లంలోని పొడి గంజిలో కలిపి తాగిస్తున్నాను. మానేద్దామా అని అడిగాను. మానేస్తే పుండ్లు పడతాయన్నాడు ఉమాపతి.


వైశాఖ శుద్ధ ద్వాదశి

ఈ రోజు మాట వచ్చింది. ముద్దముద్దగా, ఒక్కొక్కటీ.

"బావా."

"ఆఁ."

"అప్పేదీ?"

నేనే సరిగా వినలేదనుకున్నాను. మళ్ళీ అడిగాడు. నా పేరు తెలుసు, మంగవేణి తెలుసు, గట్టు తెలుసు. చివరి రెండు మూడేళ్ళు మాత్రం వాడి దగ్గర లేవు. వస్తే రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు ఉమాపతి.

చెప్పాలనే నిర్ణయించుకున్నాను. మంచం పక్కన కూర్చుని చేయి పట్టుకుని చెప్పాను.

"పోయిందిరా. కిందటి జ్యేష్ఠంలో. నువ్వే ముందు నడిచావు."

ముఖం సగమే ఏడ్చింది. గొంతు మాత్రం పూర్తిగా ఉంది. ఆసుపత్రి అంతా వినిపించింది. రక్తపోటు పెరిగిందని సూది వేసి నిద్రపుచ్చారు.


వైశాఖ శుద్ధ త్రయోదశి

పొద్దున్నే గడ్డం గీస్తుంటే అడిగాడు.

"అప్ప రానేదా?"

మళ్ళీ చెప్పాను. నిన్న ఎలా ఏడ్చాడో అలాగే ఏడ్చాడు. మొదటిసారి విన్నట్టే.

ఉమాపతి నన్ను బయటికి పిలిచాడు. "ఇంకోసారి ఇలా అయితే మెదడులో ఇంకో నరం పోతుంది. ఇది నేను చెప్పకూడదు. కానీ చెబుతున్నాను," అన్నాడు. లోపలికి వెళ్ళిపోయాడు.


వైశాఖ పూర్ణిమ

"అప్పేదీ?"

"ఇంట్లో ఉంది."

"ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉంది."

గంజి మొత్తం తాగాడు.


వైశాఖ బహుళ అష్టమి

వాడిని చక్రాల కుర్చీలో వరండాలోకి తీసుకెళ్ళాను. మగవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. ఒకరిద్దరు వాడి మంచి భుజం తట్టారు. "ఏట్రా, రాజులా బండెక్కి వత్తన్నావు," అన్నాడు ఎనభై ఒక్కేళ్ళాయన. వాడు సగం నవ్వాడు.

రక్తం వాడు తీయనిస్తాడో లేదో నాకు తెలియదు. స్పృహలో ఉన్న మనిషి. వద్దంటే వద్దు.

మంగవేణి పట్టీ తీసుకుని వచ్చింది. నేను నోరు తెరిచేలోపే వాడు ఎడమచేయి తనంతట తానే చాపాడు. పిడికిలి బిగించి నరం చూపించాడు.

ఆమె సూది పెట్టింది. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

"ఎవరి పేరు మీద, అప్పలకొండ గారూ?"

అని నాలుక కరుచుకుంది.

వాడు ఆమెను వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు.

"కొత్తగా... అడుగుతావేటి? గౌరి. మా అప్ప."

బల్లల మీద బెల్లం నములుతున్నవాళ్ళు నమలడం ఆపారు. మంగవేణి నా వైపు చూసింది. నేను తలూపాను. ఆమె సంచి మీద గౌరి పేరు రాసింది. వాడికి కనిపించేలా పట్టుకుంది. రక్తం చకచకా వచ్చింది. ఎర్రగా ఉంది.

నా సంచి మీద తిరుపతమ్మ పేరు రాయించాను.

వాడి వేలి బొట్టు తిప్పాను. నలభై ఆరు. ఇన్ని నెలలుగా నేను ఏ అంకె కోసం వాడి వెంటపడ్డానో ఆ అంకె.

వెళ్ళేటప్పుడు మంగవేణి మెల్లగా చెప్పింది. పేరు కొట్టేసి ఆ సంచి వాడి ఎదురింటావిడకి పంపిస్తుందట. మంచిదన్నాను.


జ్యేష్ఠ శుద్ధ చవితి

ఈ రోజుకి ఏడాది.

గట్టు చివర పంతులు గారు చేయించారు. నేనొక్కణ్ణే. పిండాలు నీళ్ళలో కలిపాను. ఏటిసూతకం తీరిందన్నారు. మీ బావమరిది రాలేదేమిటని అడిగారు. ఒంట్లో బాగాలేదన్నాను.

పొడి బట్టలు కట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. వాడు మేలుకునే ఉన్నాడు.

"తలంటి పోసుకున్నావేటి?"

"ఆఁ. ఉక్కగా ఉంది."

గడ్డం గీశాను. గంజి పట్టాను. వాడు నా ముఖంలోకి చూస్తూ తాగాడు.

"మొన్నిచ్చింది... పట్టిందా అప్పకి?"

"పట్టింది."

"రంగొచ్చిందా?"

"వచ్చింది."

"అదీ. మా రగతం... మరేటనుకున్నావు." ఊపిరి తీసుకున్నాడు. "నీదైతే పట్టదు."

"పట్టదు."

"మరి సూడ్డానికి రాదేటి?"

"ఎండగా ఉంది కదరా."

"సల్లబడ్డాక తే. బండెక్కించకు, కడుపులో తిప్పుతాది దానికి. సెయ్యి పట్టుకుని... నడిపించి తే. బేగి నడవమని... ఇసుక్కోకు."

"విసుక్కోను."

ఎండ తగ్గింది. మంచాన్ని గుమ్మం వైపు తిప్పమన్నాడు. తిప్పాను. తల కింద ఇంకో దిండు పెట్టమన్నాడు. పెట్టాను. వాడు గుమ్మంలోకి చూస్తూ ఉన్నాడు. పక్కన కుర్చీ వేసుకుని నేనూ చూస్తూ కూర్చున్నాను.